ఇతరములు

పొద్దుగాల్నే ఫోనుకు వచ్చింది:
‘మా కొత్త యాజమాన్యం మీ మాట వినాలనుకుంటోంది’
వేగం, వీడియోలు, ఆఫర్లు, ఇతరములు.
ఒక్కటే ఒత్తాల్నట.
ఇతరములు ఒత్తిన.
కింద ఒక డబ్బా తెరుసుకున్నది
చీమ కాళ్లు జాపుకునేటంత.
అండ్ల పట్టదని
బిల్లుబుక్కు ఎనకపక్క రాస్తున్న,
గిరాకికి గిరాకికి నడుమ,
మండిబజార్ల
మూడడుగుల దుకాణంల కూసొని.

మొన్న ఎనుమాముల్ల మిర్చి అమ్మి
సీదా ఇటే వచ్చింది కొమురమ్మ.
కొంగుకు ఇంకా ఘాటు పోలే,
ఆమె తుమ్మింది, నేనూ తుమ్మిన.
రెండు నెలల ఫోను, డొక్క ఉబ్బింది.
మీ దాంట్ల సదివే కొన్నదట బిడ్డ.
‘అద్భుతం’ అని రాసిండ్రట.
అద్భుతమంటే ఏందన్నా, అని అడిగింది.
మూత ఇప్పి
బ్యాటరీ చూపిచ్చిన.

రాజమొగిలి సారు ఆ మాట వాడకపోయేది.
సారు ‘పర్వాలేదు’ అని రాస్తే
మేం పది పీసులు తెప్పిచ్చుకునేది.
రోహిణి కార్తెల, రోండ్లు పగిలే ఎండల
కొత్త ఫోన్ను బండి సీటు మీద పెట్టి
కాజీపేట దాక పోయొచ్చి
ఎంత కాలిందో రాసేటోడు.
డోర్నకల్ ప్యాసింజర్ల కూసొని
సిగ్నలు ఏడ పోయిందో
స్టేషన్ల పేర్లతోటి రాసేటోడు:
చింతలపల్లిల రెండు గీతలు,
నెక్కొండ కాడ సున్న,
కేసముద్రంల మళ్ల పానం వచ్చింది.
ఫోను కంపెనోడు ఇచ్చిండా, పైసలు పెట్టి కొన్నడా,
అది మొదటి లైన్లనే ఉండేది,
శుభలేఖ మీద పసుపు లెక్క.

ఇప్పుడు ఏది వార్తో ఏది బేరమో
భూతద్దం పెట్టినా దొరుకుతలేదు.
నా దగ్గర మంచి భూతద్దమే ఉన్నది,
చిప్పు మీది నంబరు కూడ సదువుతది.

ఇంకోటి, మర్సిపోకముందే.
పాత పేజీలు తీసేస్తున్నరని ఇన్న.
తియ్యకుండ్రి.
మీకు పాతయి, నాకు రేపటియి.
తొమ్మిదేండ్ల కిందటి మోడలు
పరకాల నుంచి బస్సెక్కి వస్తది నా కాడికి,
రబ్బరు బ్యాండు ఏసుకొని.
దాని బొండిగ ఏడున్నదో
సారు రాసిన కాయితమే చెప్పాలె నాకు.

మిర్చి బజ్జీలోడు పిలుస్తుండు, ఆగు.

ఆఁ, ఏడున్న.
సారు గూడ ఒకపారి తప్పు రాసిండు.
ఒక చార్జరు మంచిదన్నడు,
వారంల మూడు ఫోన్లు కాలినయి
నా బల్ల మీదనే.
ఫోన్ చేసి తిట్టిన, దాపెందుకు, గలీజుగనే తిట్టిన.
తెల్లారి ‘తప్పు రాసిన’ అని
అన్నిటికన్నా పైన పెట్టిండు,
నెల రోజులు దించలే.
ఆ సాయంత్రం ఆయనే వచ్చిండు,
టోపీ చేతుల పట్టుకొని.
ఈ స్టూలు మీద కూసున్నడు.
కాలిన బోర్డులు ఒక్కొక్కటి తిప్పి చూసిండు,
ముక్కుకాడ పెట్టుకొని వాసన చూసిండు.
ఏమన్లే.
ఇరవై నిమిషాలు కూసొని
బజ్జీల పైసలు ఇచ్చి పోయిండు.

మీరు ఆఫీసు కొన్నరు, పేరు కొన్నరు,
నా అసొంటోళ్ల నంబర్లు గూడ కొన్నరు,
కాకుంటే ఈ మెసేజు నాకెట్లొచ్చె?
ఆ ఇరవై నిమిషాలు
ఏ కాయితంల రాసుకున్నరో
జెర చూసుకోండ్రి.

వేగం వద్దనలే.
వీడియోలు మా పిల్లగాండ్లు చూస్తరు.
ఆఫర్లకైతే రోడ్డంతా బ్యానర్లే.

గిరాకి వచ్చిండు. నీళ్లల్ల పడ్డదట,
ఎన్నడు పడ్డది అంటే చెప్తలేడు.
డబ్బాల పట్టినకాడికి కొట్టి పంపుతున్న:
‘మండిబజార్, యాకూబ్ మొబైల్స్,
మసీదు ఎదురుంగ.
తప్పు రాసిన్నాడు రాండ్రి.
స్టూలు ఉన్న