ఎడమచేతి వాదర

జోజెట్ కుడిచెయ్యి నవంబరు నుంచీ
ఒళ్ళోనే పడుకుని ఉంది,
పిలిస్తే పలకని పిల్లిలాగా.
అందుకని ఇంట్లో కత్తులు నూరే పని
డెబ్బై రెండేళ్ళకి నా మీద పడింది.

సానరాయి వాళ్ళ నాన్నది.
సాల్మ్ నది పైనున్న గనిలోంచి పగలదీసి తెచ్చుకున్నాడు.
పైన పసుపు, కింద నీలం.
ఎవరూ అతికించలేదు,
కొండ కడుపులోనే అంటుకుని పుట్టాయి.
ఆయన ముప్పై ఏళ్ళు నూరాడు, ఈవిడ నలభై.
నడుమ పల్లం పడింది,
ఏళ్ళ తరబడి ఒకరే పడుకున్న పరుపులాగా.

నేను రైల్వేలో సిగ్నళ్ళు వేసినవాణ్ణి.
రెక్క పైకి, రెక్క కిందికి.
నాకు తెలిసిన కోణాలు ఆ రెండే.

ఆమె పక్క గదిలో, కిటికీ దగ్గర.
చూడదు, వింటుంది.
మాటలు కూడా పొదుపు ఇప్పుడు,
ఒక్కోటీ ఏ అటక మీదో వెతికి దింపుతుంది.
"నిలువు," అంటుంది. కత్తిని కాస్త పడుకోబెడతాను.
"నీళ్ళు."
"గీకుడు."
తర్వాత చాలాసేపు ఏమీ అనదు.
పని కుదిరిందనుకుని పొంగిపోతాను.
వెళ్ళి చూస్తే నిద్రపోతూ ఉంటుంది.

ఒకరోజు అంది: "రొట్టె. పల్లం. తియ్యి."
రొట్టె కాదు, రాయి.
అర్థమై కూడా రెండు రోజులు అర్థం కానట్టే తిరిగాను.

మూడోరోజు రాతిమీద పెన్సిలుతో అడ్డగీతలు గీసి
వాకిట్లో మెట్టుకేసి బోర్లించి అరగదీశాను.
అంచుల గీతలు ముందు పోయాయి.
నడిమివి పోలేదు,
అక్కడింకా ఆమె ఉంది.
చెయ్యి ఆగింది.
లోపల్నుంచి, "ఇంకా."
మంచు మీదికి పసుపు పాలు కారాయి.
పక్కింటి కుక్క వచ్చి వాసన చూసి, తుమ్మి, పోయింది.

ఒక వైపే ఓపికగా నూరుతూ పోతే
అవతలి వైపు వెంట్రుక లేస్తుంది, ఉక్కు వెంట్రుక.
కంటికి ఆనదు.
బొటనవేలు అడ్డంగా జారిస్తే గరుకుగా తగులుతుంది.
అది లేచేదాకా కత్తి తిప్పకూడదు.
నేను నాలుగు కత్తులు తొందరపడి తిప్పాను,
నాలుగూ మొద్దులే అయ్యాయి.

ఇంకో సంగతి. నాది ఎడమచేతి వాటం.
ఆమె నూరిన వాదర కుడికి ఒరిగి ఉండేది.
నలభై ఏళ్ళు రొట్టె నాకు వంకరగానే తెగింది.
ఎప్పుడూ అనలేదు. ఏం అంటాం,
పదునుగానే ఉండేది కదా.

అయిదో కత్తికి వెంట్రుక లేచింది.
తిప్పాను, దించాను, తుడిచాను,
ఆమె దగ్గరికి పట్టుకెళ్ళాను.
ఎడమ బొటనవేలితో తడిమింది.
ఆ వేలికి ఈ పని తెలియదు,
బడిలో మొదటిరోజు పిల్లలా బెదిరింది.
మళ్ళీ తడిమింది.
అప్పుడు తట్టింది నాకు,
నా వంకర వాదర
ఇప్పుడు ఆమె చేతికి సరిపోతుందని.

ఒడి మీద పలక పెట్టాను,
పైన నిన్నటి రొట్టె, పెచ్చు గట్టిపడింది.
అది కదలకుండా నేను పట్టుకున్నాను.
ముక్క ఒక పక్క లావుగా వచ్చింది.
పొట్టు రాలలేదు, చప్పుడు లేదు,
ఇద్దరం విన్నాం.

"రాయి," అంది, ముక్క నాకిస్తూ.
తీసుకుని తిన్నాను.