జానెడు

పరకాల తొవ్వల మూతబడ్డ జిన్నింగు మిల్లును
ఇప్పుడు మ్యూజియమంటున్నరు.
దూలాల సందుల పత్తి నూగు ఇంకా వేలాడుతనే ఉంది.
ఏడో తరగతి పిల్లలు ముప్పై ఎనిమిది మందిని
లైను కట్టించి లోపలికి తోలుకపోయిన.

ముక్కు ఇరిగిన హంస,
ఒంటి చెవి ఏనుగు,
పండుగ ఒడిసినంక ఎవరింటికి పోవాల్నో తెల్వక
ఆగిపోయిన చుట్టాల లెక్క నిలబడ్డయి.
అద్దాల ప్రభ ముంగట
ఒక్కొక్క పోరడు నలభై ముక్కలై నవ్విండు.

ఆఖరి హాల్ల మా ఊరి జాతర బండి.

"ఎత్తు పద్దెనిమిది అడుగులు. టేకు, తుమ్మ. ముట్టుకోరాదు."
బోర్డు గట్టిగ చదివింది ముబీనా, అందరి కోసం.
చేసినోళ్ల పేరు లేదు దాని మీద.
లేకపోతే ఏంది,
ఎడమ చక్రం ఆరో ఆకు లోపలి దిక్కు
మా నాయిన కట్టోజు రాజమౌళి
పెన్సిలుతోని వేసిన లెక్క ఉండాలె:
తుమ్మ మొద్దుకు ఇంత, కమ్మరికి ఇంత,
ఊరి నుంచి రావాల్సింది ఇంత.
ఆ రావాల్సింది రానేలేదు.
తాడు దాటి వంగి చూద్దామనుకున్న.
పిల్లల ముంగట టీచర్ను గదా.

"మేడం, ఇది నడుస్తదా?"
నేను నోరు తెరిచేలోపే
మూలకున్న కుర్చీల నుంచి వాచ్‌మన్ ఓదేలు లేచిండు.
"నడుస్తది బిడ్డా. ఎవలకు చెప్పకు."

అప్పుడు తీసిండు జపానాయన ముచ్చట.
నిరుడు వానకాలం ఒక్కడే వచ్చిండట.
వాళ్ల ఊర్ల గూడ గిసొంటి పండుగబండ్లేనట,
నల్ల లక్క, బంగారు రేకు, మీద ఆడే బొమ్మలు,
ఏడాదికి రెండు దినాలు వీధి
మిగిలిన దినాలు అద్దాల గది,
ఫోన్ల ఫొటోలు చూపిచ్చిండట.
మన బండికాడ బోర్డు చూడలే, ఎత్తు చూడలే,
బూట్లిడిసి కిందికి దూరి
పావుగంట ఎల్లెలకల పండుకున్నడట.
చక్రం బొడ్డును యేలి కణుపులతోని మూడుసార్లు కొట్టి
చెవి పెట్టిండట.

"ఏమన్నడు తాతా?"
"ఏమంటడు? ఆయన భాష నాకెర్కనా.
ఇరుసుకు యేలు రాసి, ఆ యేలు ముక్కుకాడ పెట్టుకొని
నా దిక్కు జూసి నవ్విండు.
దొరికిపోయిన అనుకున్న."

గప్పుడు తగిలింది నాకూ వాసన.
ఆముదం. కాల్చిన గడ్డి మసి.
తొమ్మిదేండ్ల సంది కదలని బండికి
తాజా కందెన.

ఓదేలు కిందికి చూసిండు. నేనూ చూసిన.
తెల్లటి టైల్సు మీద, చక్రం ముంగట
నల్లటి గీత.
జానెడు.

"జాతర రాత్రి ఇక్కడ నేనొక్కణ్నే ఉంట మేడం.
ఊర్ల డప్పులు మొదలైతయి, గోడ ఇవతలికి ఇనవడుతయి.
చక్రం కింది చెక్క తీస్త. గడ్డపార ఆనిస్త.
గంతే, జానెడు పోతది.
తెల్లారకముందు మళ్ల యెనక్కి దొబ్బుత.
సార్లు కొలిచినా తెల్వదు."
కొంచెం ఆగి,
"ఉత్తగ నిలబెడితే ఇరుసు పట్టేస్తది" అన్నడు,
ఏదో తప్పు ఒప్పుకున్నట్టు.

బస్సోడు హారన్ కొడుతనే ఉన్నడు.
లెక్కపెట్టి ఎక్కించిన, ముప్పై ఎనిమిది.
నాయిన రాసింది చూడనేలేదు.

ములుగు రోడ్డు మలుపుకాడ
ముబీనా పిడికిలి ఇప్పింది.
బొటనేలు నల్లగ.
పర్సుల నుంచి రూమాలు తీసిన,
మళ్ల మడిచి లోపల పెట్టుకున్న.