నలభై లీటర్లు

పొద్దున ఆరింటికి
ఆసుపత్రిలో నా మొదటి పని నీళ్లకు పరీక్ష.
పట్టీ ముంచి, వాచీ చూసుకుని,
క్లోరిన్ లేదని రాసి సంతకం పెడతాను.
ఆ తర్వాతే డయాలిసిస్ మిషన్లు,
ఆ తర్వాతే మనుషుల రక్తం.
ఏడేళ్లలో ఒక్క పూట తప్పలేదు.

అంత తెలిసినదాన్ని
కొర్లగుంట అద్దెగదిలో
కొత్త గాజుతొట్టె కొళాయి కింద నింపి
గంటకల్లా ఆరు నియాన్ టెట్రాలను వదిలాను.
నీలి గీత, ఎర్ర గీత, దీపం కింద చూడాలి.
మూడో రోజుకు గీతలు వెలిశాయి.
ఐదో రోజు అరచేతిలో ఆరూ
తడిసిన అగ్గిపుల్లలు.

"నీళ్లు పండల్ల మేడం," అన్నాడు చేపలంగడి దస్తగిరి,
ఎవరిదో కవరుకు రబ్బరుబ్యాండు చుడుతూ.
"కాయ కోసిన పూటే తింటారా? మాగబెడతారు గదా."

మాగబెట్టాను.
చేపల్లేని తొట్టెకు రోజూ చిటికెడు మేత.
అది కుళ్లాలి. ఆ కుళ్లును తినేవి పుట్టాలి.
అవి విడిచినదాన్ని తినేవి మళ్లీ పుట్టాలి.
కంటికి ఒక్కటీ ఆనదు.
ఇంటి ఓనరమ్మ తొంగిచూసి
"ఎవురికి పెడతా ఉండావు పాపా?" అంది.
ఎవరికని చెప్పను?
గాజుగొట్టంలో చుక్కలేస్తే చిక్కటి ఆకుపచ్చ, అమ్మోనియా.
రెండు వారాలు అదే పచ్చ.
నెల దాటాక ఒక రాత్రి
నిమ్మపండు పసుపు.
ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టాను.

మంగళ, శుక్రవారాలు ఏడో నంబరు మంచం మునిరత్నంది.
ఒకప్పుడు మదనపల్లె బస్సులో కండక్టరు.
నాలుగు గంటలు చెయ్యి కదపకూడదు,
పొద్దుపోవడానికి ఫోనులో నా తొట్టె చూపించాను.
"ఎన్ని నీళ్లు పడతాయి?"
"నలభై లీటర్లు."
ఆయనకు రోజుకు ముప్పావు లీటరు,
మాత్రకూ మజ్జిగకూ అన్నంలో చారుకూ కలిపి.
నాలుకతో పెదాలు తడుపుకున్నాడు.
"యాభై మూడు దినాలు వస్తాయి.
పావు లీటరు చిల్లర."

ఫోను జేబులో దాచేసుకున్నాను.
మళ్లీ శుక్రవారం ఆయనే అడిగాడు:
"మనోళ్లు ఎట్లుండారు?"

అప్పటికి గప్పీలు వచ్చాయి, నాలుగు.
స్పాంజి నల్లబడిందని
కొళాయి కింద తెల్లగా పిండి పెట్టాను.
తెల్లారేసరికి తొట్టె పాలు విరిగినట్టు,
రెండు గప్పీలు వెల్లకిలా.
చెబితే మునిరత్నం నవ్వాడు.
"మీరు నా ఒంట్లో నీళ్లు రవ్వంత ఎక్కువ లాగిన దినం
పిక్కలు పట్టేసి అరస్తాను గదమ్మా.
శుద్ధికి గూడా ఒక లెక్కుంటాది."

ఇప్పుడు ఆదివారాలు పది లీటర్లే తీస్తాను.
కొత్త నీళ్లు ముందురోజు నుంచే బకెట్లో, మూత లేకుండా.
స్పాంజిని తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు అదిమి
ఆ గోధుమరంగు జిగురును దానికే వదిలేస్తాను.
మిగిలింది కరివేపాకు కుండీకి.
దస్తగిరి అంటగట్టిన హీటరు ఇంకా డబ్బాలోనే ఉంది.
రోహిణి కార్తెలో తిరుపతిలో ఎవరికి వేడి కావాలి,
ఐసుగడ్డ కట్టిన సీసా తేలేస్తాను.
మొన్న గాలివానకు కరెంటు పోయి పంపు ఆగితే
లోటాతో తోడి, ఎత్తు నుంచి పోసి,
తోడి, పోసి,
ఒంటిగంట దాకా కూర్చున్నాను.
రెక్క పడిపోయింది.
పక్కగదిలో ఎవరో దగ్గు.

పోయిన మంగళవారం ఫోను మళ్లీ తీశాను.
నాచు మొక్కల్లో రాత్రి పిల్లలు పుట్టాయి,
కళ్లు తప్ప ఒళ్లు లేనట్టున్నవి.
"పదకొండు," అన్నాను.
తల్లి తినేసేలోపు ఎన్ని మిగులుతాయో చెప్పలేదు.
ఆయన ఖాళీ చేతి రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి
ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి,
పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.

"పదమూడు.
వెనక సీట్లో ఇద్దురు నిద్రపోతా ఉండారు,
నువ్వు చూసుకోలేదు."