బి సైడు, మూడోది

పాట పేరు మాకెవరికీ తెలీదు.
పాడినవాడి పేరూ తెలీదు.
తెలిసిందల్లా
బి సైడు, మూడోది.

విశాఖ నేవీ క్యాంటీన్లో పనిచేసే మా చిన మావయ్య
ఒక్క రాత్రికి ఇచ్చిన క్యాసెట్టు.
గంటస్తంభం దగ్గర షాపువాడు
ఎక్కించడానికి పదిహేను అడిగాడు.
మా ఇద్దరి జేబులూ కలిపితే ఆరు.
రేషన్ డీలరు టేపురికార్డరు బతిమాలి తెచ్చి
తవిటయ్యవాళ్ళ దానికి ఎదురుగా పెట్టి
పైన దుప్పటి కప్పి
వాళ్ళమ్మని దగ్గొద్దని చెప్పి
ఊపిరి బిగబట్టి కూచున్నాం.

మూడో పాట నడిమధ్య
గిటారు ఒక్కత్తే ఏడుస్తున్న చోట
నెల్లిమర్ల మిల్లు సైరను.
రాత్రి పది. సి షిఫ్టు.
భోఁ... అని
పాటలోకొచ్చి చతికిలబడింది.

తవిటయ్య నెత్తి కొట్టుకున్నాడు.
వారం తిరిగేసరికి
అది లేకపోతే పాటే కాదన్నాడు.

ఇంగ్లీషు అంతంతమాత్రం.
బోటనీ నోట్సు వెనకవైపునుంచి
వినబడింది వినబడినట్టు తెలుగులో రాసుకున్నాం.
ఒకచోట "సోమినీ నైట్సు" అని ఉంటుంది.
"సోమినీ ఎవర్తిరా?" అన్నాను.
"ఆడి గుంటయ్యుంటాది" అన్నాడు.
ఆ ఏడాదంతా ఇద్దరం
సోమినీ మీద బెంగపెట్టుకున్నాం.

ఎండిన చంపావతిలో, ఇసకలో,
వాడు డాల్డా డబ్బా మీద దరువేస్తుంటే
వయొలిన్ మేష్టారొకాయన సైకిలు దిగి
కాసేపు విని
"తాళం ఉందిరా నీ చేతిలో,
నోరు మాత్రం తెరవకు" అని వెళ్ళిపోయాడు.

ఇంటరు తప్పాడు.
వాళ్ళ నాన్న బదిలీ కార్డు మీద మిల్లుకెళ్ళాడు.
ఇరవై ఆరేళ్ళు మగ్గాల షెడ్డు.
మగ్గాలు ముందు సన్నటి చప్పుళ్ళు తింటాయట:
పిచికలు, గాజులు, పక్కగదిలో పసిపిల్ల.
లావువి తర్వాత.
గేటుకి లాకౌటు నోటీసు అంటించేనాటికి
తవిటయ్యకి మనుషులంటే
కదిలే పెదాలు.

మొన్న మా అమ్మాయి ముందు సిగ్గువిడిచి
కూనిరాగం తీస్తే
ఫోను పట్టేసింది పాటని.
పేరు కూడా చూపించింది.
నేను చదవలేదు.

టీ బడ్డీ రేకుబల్ల దగ్గర
చెవుల్లేనివాడి ముందు పెట్టడం తప్పేమో అనుకుంటూనే
ఫోను బోర్లించాను.
రేకు సన్నగా వణికింది.
తవిటయ్య చెయ్యి గ్లాసు వదిలి
బల్లకి అంటుకుపోయింది.
కళ్ళు మూసుకుని
ముందు రెండు వేళ్ళు చూపించాడు.
తర్వాత మూడు.

గిటారు దగ్గర నేను ఆగాను, అలవాటుగా.
అసలు పాటలో సైరను లేదు.
తోమిన గిన్నెలా, శుభ్రంగా,
ముందుకెళ్ళిపోతోంది.
అప్పుడు తవిటయ్య తలెత్తి
మెడ నరాలు బిగించి
భోఁ... అన్నాడు.
తన గొంతెంతో తనకి తెలీదు కదా,
వీధంతా అన్నాడు.

టీ వడపోస్తున్న మనిషి ఆగిపోయాడు.
ఎదర అరుగు మీద పేకాడుతున్న ముసలాళ్ళలో ఒకడు
ముక్కలు బోర్లించి
చెప్పుల కోసం
కాళ్ళతో తడుముకున్నాడు.