వేరు కుంపట్లు

వలలు బాగుచేసే కొట్టు మీది గది.
కింద తారు వాసన, పైన ఎనిమిది కుర్చీలు.
ఎనిమిదోదానిలో ఎవరూ కూర్చోరు.
దానికి ఒక కాలు పొట్టి, అంతే,
వేరే కారణమేమీ లేదని
గుల్వెన్ అడగకుండానే చెబుతాడు.

బ్రెతాన్ తీరం, నవంబరు,
అద్దాల మీద ఉప్పు పేరుకుంది.
మేం రాసుకునే ప్రోగ్రాం చిన్నదే:
ఏ రేవుకు ఎన్నింటికి పోటు, ఎన్నింటికి పాటు.
పదమూడేళ్లుగా జీతం లేని కొలువు.
ఈ రాత్రి తేల్చాల్సింది ఒక్కటే,
అంతా ఒక్క రిపాజిటరీలోనే ఉండాలా
మూడుగా విడిపోవాలా.

"ఉమ్మడిగానే ఉండనీండి" అంది అజెనోర్.
"లెక్క మారిన పూటే తెరా మారాలి,
ఒకే కమిట్‌లో, ఒకే గుక్కలో.
వేరుపడ్డాక ఒకరు మార్చింది
ఇంకొకరికి ఆర్నెల్లకు తెలుస్తుంది."

"వేరు కుంపట్లు పెట్టుకుంటే పొగైనా తగ్గుతుంది"
అంటూ ఎవెన్ అట్టముక్క మీద
మూడు పెట్టెలు గీశాడు:
లెక్కలకొకటి, ఫోను తెరకొకటి,
రేవుల పట్టికలకొకటి.
గీతలు ఎంత తిన్నగా ఉన్నాయంటే
ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు.

తొమ్మిదిన్నరకు మెట్ల మీద బూట్ల చప్పుడు.
రోజెన్. గుల్లలు పెంచే మనిషి.
మోకాళ్ల దాకా బురద. ఎవరూ చెప్పలేదు గనుక
తిన్నగా వెళ్లి ఎనిమిదో కుర్చీలో కూర్చుంది.
కుర్చీ ఒరిగింది. ఆమె ఒరగలేదు.

"మా ఏటి మొగ దగ్గర కొత్త గోడ కట్టాక
మీ పాటు వేళ తప్పుతోంది.
నేను మార్చాల్సింది ఒక్క అంకె.
దానికి మీ కొంపంతా దించుకోమంటుంది, మూడు గిగాబైట్లు!
షెడ్డులో సిగ్నల్ ఒక్క గీత.
రాత్రి పెట్టి పొద్దున చూస్తే
నలభై శాతం దగ్గర ఆగిపోయి ఉంది.
నీళ్లు ఆగలేదు మరి.
ట్రాక్టరు చక్రాలు మునిగాయి."

ఆ మూడు గిగాబైట్లు ఏమిటో మాకు తెలుసు.
రేవు కచేరీ పాత రిజిస్టర్లు,
పుట పుటకూ ఫొటో తీసి
పదెర్న్ ఎక్కించినవి.
కొన్నింట్లో మూల మీద అతని బొటనవేలు కూడా పడింది.

వాదన అక్కడితో చల్లారింది.
పట్టికలు ఒక ఇల్లు, లెక్కా తెరా ఒక ఇల్లు,
ఫొటోలకు ఎక్కడో చావడి.
మూడే, కానీ ఎవెన్ గీసిన మూడు కావు.
అప్పుడు అజెనోర్, బల్ల వైపే చూస్తూ,
"మరి అది ఏ ఇంటికి పోతుంది?"

ఏదని ఎవరూ అడగలేదు.
మార్చి నెల, రాత్రి పదకొండూ నలభై ఒకటి.
లెక్కలో ఒక వరస, పట్టికలో ఒక వరస
కలిపి మార్చిన కమిట్. దాని మీద అతని మాట:
"మూడు నిమిషాలు తేడా వస్తోంది. రేపు చూస్తాను."
ఆ తర్వాత జాబితాలో అతని పేరు లేదు.

చీల్చే ఆదేశం కొట్టింది నేనే.
పదకొండు నిమిషాలు పట్టింది.
పాత కమిట్‌ల గుర్తు సంఖ్యలన్నీ మారిపోయాయి,
గడపలు మారినప్పుడు ఇంటి నంబర్లలా.
భయపడుతూనే వెతికాను.

రెండు ఇళ్లలోనూ ఉంది.
ఇక్కడ సగం మార్పు, అక్కడ సగం.
మాట మాత్రం చీలలేదు,
రెండు చోట్లా మొత్తంగా ఉంది,
అదే తేదీ, అదే పదకొండూ నలభై ఒకటి,
అదే "రేపు".

గుల్వెన్ ఏమనుకున్నాడో,
ఎవెన్ అట్టముక్కను నాలుగు మడతలు పెట్టి
కుర్చీ పొట్టికాలి కింద దోపాడు.

శుక్రవారం రోజెన్ కమిట్ వచ్చింది,
షెడ్డు నుంచే, ఒక్క గీత సిగ్నల్ మీద.
ఒక్క అంకె. కింద రెండు మాటలు:
"చక్రాలు మునిగాయి. సరిచేశాను."

మూడు నిమిషాల తేడా
ఇంకా వస్తూనే ఉంది.
ఇవాళ కూర్చుని చూడాలి.