ఇంకా రెండు రోజులు

మొదటిరోజు హాజరు పట్టీలో
ఆ పిల్ల ఇంటిపేరు ప్రశ్నలా చదివాను:
"సొనాలి రైతా?"
అవునన్నట్టు లేచి నిలబడింది.
అది ఇంటిపేరనీ, జవాబు కూడా అదేననీ
వాళ్ళ అవ్వ సెబతి
మెట్ల మళ్ళలో మోకాళ్ళదాకా దిగి
నారు విసురుతుంటే చూసినాక తెలిసింది.

ఆదోని నుంచి చంద్రగిరికి
రెండు రైళ్ళు, ఒక బస్సు, ఒక జీపు.
బోర్డుల మీద గుండ్రటి అక్షరాలు చూసి
మనవాళ్ళే అనుకున్నాను.
దగ్గరికి పోతే ఒక్కటీ పలకరించలేదు.

మిషన్ బడిలో లెక్కల టీచర్ని.
పాఠానికి ఇంగ్లీషు, సంతకు వచ్చీరాని ఒడియా,
పిల్లలు వాళ్ళలో వాళ్ళు సవర.
డా అంటే నీళ్ళు.
దాహంలో సగం అంటే చాలు ఇక్కడ,
చెంబు వస్తుంది.

అవ్వ ఇంటి వెనక గది. పొయ్యి మాత్రం ఒకటే.
నేను పోపు వేసినరోజు
ఆవాలు చిటపటమంటే
ఏం పగిలిందోనని చీపురు పట్టుకొచ్చింది.

ఒక ఆదివారం, మంచిపని చేద్దామని
అటక మీద మూత కట్టిన కుండ దించాను.
గుప్పుమంది. కుళ్ళిపోయిందనుకున్నా.
పెంటలో పోసి, బూడిదతో మూడుసార్లు తోమి
బోర్లించి,
మెచ్చుకుంటుందని అక్కడే నిలబడ్డాను కూడా.

అవ్వ కుండ చూసింది.
పెంట చూసింది.
అక్కడ గీరుతున్న కోడిని అదిలించింది.
వానలో కొండకి పోయి విరుచుకొచ్చి
సన్నంగా తరిగి పులియబెట్టిన వెదురు కొమ్ము, టీచర్,
అని సొనాలి చెప్పింది,
బోర్డు మీద నా తప్పు చూపించేటప్పటి గొంతుతో,
చాలా మెల్లగా.

ఆ రాత్రి కూర లేదు.
గంజి, ఉప్పు, మా అమ్మ కట్టిచ్చిన చింతకాయ తొక్కు.
అవ్వ తొక్కు నాకి కళ్ళు గట్టిగా మూసుకుంది.
లెక్క సరిపోయిందనుకున్నాను.
సరిపోలేదు.

రాగులు చూసినప్పుడు మాత్రం ఉబ్బిపోయాను,
ఇవి మావేనని.
మా ఇంట్లో సంగటి, ముద్ద తీసి పెడితే కూర్చుంటుంది.
ఇక్కడ అదే గింజ
జావై, సొరబుర్రలో కదులుతూ
తెల్లారకముందే కొండెక్కుతుంది పనికి.
ఫోన్లో ఇదంతా చెబితే
"చిక్కిపోయింటావు" అంది అమ్మ.
ఏం తిన్నావే అంటే
చాలావాటికి నా దగ్గర తెలుగు లేదు.
ఆకు అన్నాను. ఇంకో ఆకు అన్నాను.

ఈ వానలకి అవ్వ
నా చేతిలోనూ ఒక కొడవలి పెట్టింది.
పొదలో ఏ కొమ్ము కొయ్యాలో దేన్ని వెదురుగా వదలాలో
వేలితో చూపిస్తుంది, ఎందుకో చెప్పదు.
పొట్టు మీది నూగు అంటుకుని
మణికట్లు దద్దురెక్కాయి.
మర్నాడు గోక్కుంటూనే భిన్నాలు రాశాను.
నాలుగో వంతు దగ్గర సుద్దముక్క జారిపడితే
వెనక బెంచీ మొత్తం
తెలిసినవాళ్ళ నవ్వు నవ్వింది.

తరిగింది, నాతో తరిగించింది,
మళ్ళీ విడిగా తను తరిగింది.
కుండ ఈసారి తెచ్చి
నా గదిలో, నా తలాపున పెట్టింది.
శిక్షో నమ్మకమో
అడగడానికి మాటల్లేవు నాకు.

మూడో రాత్రికి వాసన లేచింది.
అద్దె కట్టేది నేను, కాపురం దానిది.
దిండు, దుప్పటి, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు అన్నీ పులిశాయి.
సగం నిద్రలో
ఇది నా ఒంటి వాసనేనేమో అనిపించి
లేచి మోచెయ్యి వాసన చూసుకున్నాను.

పొద్దున్నే మూత విప్పి అవ్వ ముందు పెట్టాను,
ప్రోగ్రెస్ కార్డు దాచుకుని దాచుకుని
చివరికి చూపించేదానిలా.
ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.
ఒక ముక్క గోటితో నొక్కింది.
మళ్ళీ ఆకు కప్పి, తాడు బిగించి
నా చేతుల్లోనే పెట్టింది:
"ఆఉ దుయి దిన."

ఇంకా రెండు రోజులట.
బడిలో మొదటి గంట కొడుతున్నారు.