రిమార్కుల గడి

మోంటెవిడియో రేవు. ఏడో నంబరు గోదాము.
దక్షిణపు గాలి మూడు రోజులుగా
రేకుల మీద గులకరాళ్ళు పోస్తోంది.
వాల్దెమార్ మేకులు పీకి చెక్కపెట్టె తెరిచాడు.
నురగ పలకలు. పలకల మధ్య పల్చటి కాగితం.
కాగితంలో, పసిబిడ్డల్లా,
ముప్ఫై ఒక్క బక్కెట్లు.

ప్లాస్టిక్ బక్కెట్లే. మీ ఇంట్లో ఉన్నవే.
తీగ పిడికి తెల్లటి గొట్టం,
లోపల లీటరు లీటరుకీ ఒక గీత,
అడుగున అచ్చు విడిపోయిన చోట
బొడ్డులాంటి చిన్న మచ్చ.
బిల్లులో మాత్రం: "శిల్పం. ఒకటి."

ఇరవై ఆరేళ్ళుగా నా పని ఇదే,
దేని పేరు దానికి పెట్టడం.
బక్కెట్లైతే నూటికి పద్దెనిమిది సుంకం.
కళైతే సున్నా.
ఫారంలో రెండు గడులున్నాయి,
మధ్యలో నిలబడడానికి చోటు లేదు.

"అయ్యా, కప్పు కారుతోంది," అన్నాడు వాల్దెమార్,
"ఆ శిల్పంలో ముక్కొకటి ఇలా ఇవ్వండి."
నవ్వాను. ఇవ్వలేదు.
పాత రంగు డబ్బా పెట్టాం.

పెట్టెతో వచ్చిన ఫోటోలో,
రాటర్‌డామ్‌లో, తెల్లగోడ ముందు
బక్కెట్లు స్తంభంలా ఒకదాని మీద ఒకటి.
కింద నుంచి పదకొండోది ఎరుపు. దాని మీద నారింజ.
అక్కడ నా చూపుకి ముల్లు గుచ్చుకుంది.

మా అమ్మ ఎర్మెలిందా
పైసాందూలో ఆదివారం సంతలో
చీపుళ్ళూ బక్కెట్లూ అమ్మేది.
చీకటుండగానే దొంతర్లు పేర్చేది.
నీలం పక్కన పసుపు, పసుపు పక్కన సున్నపు తెలుపు.
ఎరుపు పక్కన నారింజా? చచ్చినా పెట్టదు.
"రెండూ అరుచుకుంటాయిరా, ఎవరి మాటా వినపడదు."
"కొనేవాళ్ళకి నీళ్ళు నిలిస్తే చాలదా?" అంటే
"ముందు కన్ను నిలవాలి," అనేది.
ఎవరైనా దొంతర మధ్యలోంచి ఒకటి లాగారా,
ఆమె వేసే కేకకి
జున్ను కొట్టు తాత చేతిలో కత్తి జారేది.

ఆ రాత్రి డ్యూటీలో ఒక్కణ్ణే ఉన్నాను.
ఏం బుద్ధి పుట్టిందో
(తప్పే, ఉద్యోగం ఊడే తప్పే)
నూలు తొడుగులు వేసుకుని
ముప్ఫై ఒకటీ పేర్చాను, అమ్మ వరసలో.
బాగుంది. సిగ్గు లేకుండా చెప్తున్నా, చాలా బాగుంది.
మాతే కషాయం పీలుస్తూ
తెల్లారేదాకా దాని ముందే కూచున్నాను.

పొద్దున్నే వచ్చింది శిల్పి ఒతీలియా బెర్గారా,
గొడుగులోంచి నీళ్ళు కారుతుండగా. గుమ్మంలోనే ఆగి
"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

ఆ కేక!
గొంతు వేరు, చదువు వేరు, చెప్పుల ఖరీదు వేరు.
కేక మాత్రం నాకు తెలిసిందే.
సంత సంతంతా తల తిప్పి చూసిన కేక.

"ఎరుపు మీద నారింజ ఎందుకు పెట్టారు?"
నేలచూపులు చూస్తూ అడిగాను.
"అరుచుకోవాలనే," అంది.

నాకింక మాట రాలేదు.
అన్నీ దించి మళ్ళీ పేర్చాను,
ఆవిడ వేలు చూపిస్తుంటే
అరంగుళం ఇటు, అరంగుళం అటు.

తరవాత ఫారం. కళ అన్న గడిలో టిక్కు.
చెయ్యి వణకలేదు.
కలం ఎత్తాక గుర్తొచ్చాయి
అమ్మ ట్రంకుపెట్టెలో, రబ్బరు బ్యాండు కరిగి
ఒకదానికొకటి అతుక్కుపోయిన
సంత పన్ను రసీదులు.
రెండు గజాల నేలకి, ఆదివారానికొకటి,
ముప్ఫై నాలుగేళ్ళు.
అన్నిటి మీదా ఒకే మాట: "సామాన్లు."

అట్టడుగున రిమార్కుల గడి ఖాళీగా ఉంది.
దాన్నెవరూ చదవరు.
"ఇది కళైతే" అని మొదలుపెట్టి కొట్టేశాను.
"ఇంకో వరస కూడా ఉంది" అని రాసి
సంతకం పెట్టాను,
నాన్న ఇంటిపేరు తరవాత
ఎప్పుడూ పొడి అక్షరంతో సరిపెట్టే
అమ్మ ఇంటిపేరు పూర్తిగా రాసి.